పుంతా బుయా వెళ్ళాల్సినవాళ్ళు

"అయితే పిల్లని ఫేలీ ఇంటికి పంపెయ్. అంతే. ఇంక నన్ను అడక్కు," అంది తెయోఫిలా, చేప తల మీద ఇంకో దెబ్బ వేసి.

"నేను అడగలేదు నానాయ్. పొద్దుట్నుంచీ మీరే చెబుతున్నారు," అంది కోడలు క్రిసాంత.

"చెబుతున్నాను కాబట్టే అడక్కంటున్నాను."

అనలిన్‌కి నెలలు నిండాయి. వంటింటి గుమ్మంలో కాళ్ళు బారజాపుకుని కూర్చుని, పచ్చి మామిడికాయ ముక్కలు రొయ్యల ముద్దలో అద్దుకు తింటోంది. గొడవంతా తన కాన్పు ఎక్కడన్నదాని గురించే అయినా, పక్కింటివాళ్ళ తగాదా వింటున్నంత తీరిగ్గా వింటోంది.

"ఫేలీ అత్త ఇంట్లో స్నానాల గదికి తలుపే లేదు లోలా. గోనెపట్టా వేలాడదీశారు," అంది నాన్నమ్మతో.

"గోనెపట్టా అయితేనేం? ఆ ఇంట్లో ఉన్నది మనుషులు."

ఆ మాటకి క్రిసాంత చేతిలో మునగాకు దూయడం ఆగిపోయింది. "నా కూతురు పుట్టింది ఈ ఇంట్లో. దాని బిడ్డా ఇక్కడే పుడుతుంది. వెళ్ళాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళు వెళ్ళాలిగానీ ఇది కాదు," అంది.

"ఇంట్లో మనం తప్ప ఎవరూ లేరు," అన్నాడు క్రిసాంత భర్త నెమెసియో. పెరటి మెట్టు మీద కూర్చుని బూట్లకి రంగు రాస్తున్నాడు. ఆ రోజు శనివారం, కవాతు రోజు. ఎవరూ లేరని అన్నాడే గానీ ముందుగది వైపు తల తిప్పలేదు. ఈ మధ్య ఆ వైపు చూడకుండానే ఇల్లంతా తిరగడం అలవాటు చేసుకున్నాడు.

ముందుగదిలోనే క్రిసాంత పూటకూళ్ళ కొట్టు. రేవుకి ఎదురుగా ఉంటుంది. మూడు బల్లలు, గోడవారగా ఒక గాజు అల్మైరా, అందులో గిన్నెల్లో ఆ పూట కూరలు. కిటికీ కింద ఉన్న పొడుగాటి బల్ల మాత్రం జనవరి నుంచీ తడిగానే ఉంది. ఏప్రిల్ ఎండకి రేకుల కప్పు పెనంలా కాలుతున్నా దాని తడి ఆరదు. అంచుల వెంట ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. క్రిసాంత గుడ్డపెట్టి తుడిస్తే, గుడ్డ పిండేలోపు మళ్ళీ తడి. వడ్రంగిని పిలిచి పలక మార్పించింది. కొత్త పలక మర్నాటికి తడిసింది. ఫాదర్ వచ్చి పవిత్రజలం చల్లిపోయాడు. ఉన్న తడి మీద ఇంకాస్త తడి పడింది, అంతే.

నెమెసియో నౌకాదళ రిజర్వులో చేరకపోతే ఇదంతా జరిగేది కాదని తెయోఫిలా ఎప్పుడూ అనలేదు. అని ఉంటే క్రిసాంతకి కాస్త ఊరటగా ఉండేది.

ఆ రేవు ఊరు కాబుంగాలో పడవలున్న మగవాళ్ళని కూడగట్టి ఆ దళం కట్టారు. తుఫాను వచ్చినా, లాంచీ మునిగినా, అసలు నేవీ ఓడలు వచ్చేసరికి ఆలస్యం అవుతుంది. ఈలోపు చెయ్యి వేసేవాళ్ళు కావాలి. హైస్కూల్లో లెక్కలు చెప్పే ఎలియోదోరో సర్ దానికి పెద్ద. బాస్కెట్‌బాల్ కోర్టులో కవాతు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇసకలో చెప్పుల్లేకుండా తిరిగిన పాదాలు బూట్లలో పడి వాచిపోయాయి. సర్ ఎడమ అంటే సగం మంది కుడికి తిరిగి ఒకళ్ళ ముక్కు ఒకళ్ళకి తగిలేది. రొట్టెలు కాల్చే ఫ్లావియానోకి బెల్టు అందక వల తాడు కట్టుకొచ్చాడు. ఆడవాళ్ళంతా కోర్టు గోడ మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. క్రిసాంతా నవ్వింది. కానీ నెమెసియో కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నప్పుడు అతని మొహం చూసి ఆమె నవ్వు ఆగిపోయింది.

అతనికి ఇసిద్రో అని ఒక తమ్ముడు ఉండేవాడు. పెళ్ళి కాకముందే, ట్యూనా చేపలకని వెళ్ళి తిరిగి రాలేదు. గాలి తగ్గాక వెతుకుతాం అన్నారు. గాలి తగ్గేసరికి వెతకడానికి ఏమీ మిగల్లేదు. ప్రమాణం చేసి వచ్చిన రోజు సాయంత్రం నెమెసియో చొక్కా విప్పుతూ, "వాడికోసం ఎవరూ వెళ్ళలేదు. ఇంకెవరికోసమైనా నేను వెళ్తాను," అన్నాడు. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. తెయోఫిలా మాత్రం ఆ యూనిఫాంని తన చేత్తో ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేస్తుంది. కోడల్ని ముట్టుకోనివ్వదు.

జనవరిలో ఈశాన్యపు గాలి జోరు మీద ఉండగా, అవతలి ఒడ్డున ఉన్న పుంతా బుయాకి బయల్దేరిన లాంచీ కొండమొన దాటీ దాటకముందే ఒరిగిపోయింది. రేవులో నిలబడ్డవాళ్ళకి కనబడుతూనే మునిగింది. రిజర్వువాళ్ళు పడవలు వేసుకుని వెళ్ళారు. ముందు బతికినవాళ్ళని తెచ్చారు. తరవాత రెండు రోజులపాటు మిగతావాళ్ళని తెచ్చారు.

ఆఖరి పడవ వచ్చిన మధ్యాహ్నం, దళంలోని ఎనిమిదిమందీ రేవులో దిగి నిలబడితే, ఎలియోదోరో సర్ అన్నాడట: "ఎవరూ తిన్నగా ఇళ్ళకి పోకండి. దారిలో ఎక్కడైనా ఆగండి. ఏదో ఒకటి తిని, దులుపుకుని, అప్పుడు వెళ్ళండి." సర్ చెప్పకపోయినా వాళ్ళు చేసేది అదే. శవం దగ్గరనుంచి తిన్నగా ఇంటికి వస్తే ఆ పోయినమనిషి వెంట వస్తాడు. మధ్యలో ఎక్కడైనా ఆగితే దారి తప్పి అక్కడే ఉండిపోతాడు. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే. కానీ ఆ గాలికి ఊళ్ళో కొట్లన్నీ మూసేశారు. పొగ వస్తున్నది ఒక్క క్రిసాంత ఇంట్లోనే.

ఆమె పొద్దుట్నుంచీ అల్లం వేసి బియ్యం జావ కాస్తూ కూర్చుంది. కిటికీలోంచి వాళ్ళని చూసింది. నిలువునా తడిసిపోయి, పెదాలు నీలంగా, ఎవరి మొహాలు ఎవరూ చూసుకోకుండా నిలబడి ఉన్నారు. ఆమెకి ఇంకేమీ తోచలేదు. రెండు తలుపులూ బార్లా తీసి, "అందరూ లోపలికి రండి. ఒక్కరు కూడా బయట నిలబడొద్దు. అందరికీ సరిపోతుంది," అని కేకేసింది.

వచ్చారు. కిటికీ కింద బల్ల మీద వరసగా కూర్చుని జావ తాగారు. లేచేటప్పుడు భుజాలు దులుపుకున్నారు, గుమ్మం దగ్గర కాళ్ళు విదిలించారు, ఎవరిళ్ళకి వాళ్ళు శుభ్రంగా వెళ్ళారు. నెమెసియో ఎక్కడికీ వెళ్ళలేదు. అతనికి ఇల్లు అదే.

మర్నాడు బల్ల తడి చూసి తెయోఫిలా కోడల్ని నిలదీసింది. "ఏమని పిలిచావు?"

"లోపలికి రమ్మన్నాను."

"ఎవర్ని?"

"అందర్నీ."

"అందర్నీ అనే అన్నావా? ఒక్కరు కూడా మిగలొద్దు అన్నావా?"

"జావ తాగడానికి పిలిచాను నానాయ్! పేర్లు పెట్టి పిలవాలా?"

"పెట్టి పిలిస్తే ఎంత బాగుండేది," అంది తెయోఫిలా, అక్కడితో ఆ మాట వదిలేసింది.

ఆనాటినుంచీ ఆ ఇంట్లో ఎవరూ భయపడి అరవలేదు, మూర్ఛపోలేదు. అలాంటివేమీ జరగలేదు. జరిగినవి చిన్న చిన్నవి. వేరే ఊరినుంచి దిగిన ప్రయాణికులు, ఏమీ ఎరగనివాళ్ళు, ఖాళీగా ఉన్న ఆ బల్ల దగ్గరికి వెళ్ళి, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా?" అని అడిగేవారు. క్రిసాంత లేరనేది. వాళ్ళు సరే అని వెళ్ళి వేరేచోట ఇరుక్కుని కూర్చునేవారు. ఆడుకుంటూ పరిగెత్తే పిల్లలు ఆ బల్ల దగ్గరికి రాగానే, ఎవరో కాళ్ళు చాపుకుని కూర్చుంటే తప్పుకున్నట్టు కాస్త వెడంగా తిరిగి వెళ్ళేవారు. మిట్టమధ్యాహ్నం లాంచీ కూత వినబడగానే బల్ల ఒక్కసారిగా కిర్రుమనేది. మూటలు సర్దుకుని పదిమంది కలిసి లేస్తే వచ్చే చప్పుడు. లాంచీ కదిలిపోయాక కాసేపటికి మళ్ళీ కిర్రుమనేది, ఈసారి నెమ్మదిగా, ఒకళ్ళ తరవాత ఒకళ్ళు.

శనివారాలు వేరు. నెమెసియో యూనిఫాం వేసుకుని, నారింజరంగు లైఫ్ జాకెట్ భుజాన వేసుకుని గుమ్మం దాటగానే బల్ల ఆరిపోయేది. వాళ్ళని నీళ్ళలోంచి లాగింది ఆ రంగే. అది ఎటు వెళ్తే వాళ్ళూ అటే. ఆ పూట ఇల్లు తేలికపడేది. అనలిన్ పాటలు పాడుకునేది. అతను తిరిగి రాగానే బల్ల తడిసేది.

ఈ శనివారం కూడా బల్ల ఆరడం చూసి, క్రిసాంత నడుముకి కట్టిన గుడ్డ విప్పి పడేసి, బాస్కెట్‌బాల్ కోర్టుకి బయల్దేరింది.

కవాతు మధ్యలో విరామం. మగవాళ్ళంతా నీడన కూలబడి కొబ్బరినీళ్ళు తాగుతున్నారు. ఆమెని చూడగానే సగం మందికి బూట్ల తాళ్ళు ఊడిపోయాయి. వంగి కట్టుకోవడం మొదలెట్టారు.

"కొట్టుకి రావడం మానేశారే?" అంది క్రిసాంత. "నా కాఫీ చేదెక్కిందా?"

"అబ్బే, అదేం లేదు మనాంగ్," అన్నాడు ఫ్లావియానో, అక్కగారిని బుజ్జగిస్తున్నట్టు. "డాక్టరు కాఫీ తగ్గించమన్నాడు."

"అందరికీనా?"

దూరంగా కూర్చున్న నెమెసియో టోపీ తీసి దాని లోపల ఏదో వెతుకుతున్నాడు.

"ఒక్కసారి రండి," అంది ఆమె. "ఒక్క పూట. జావ కాస్తాను. తాగండి, లేవండి, వచ్చినవాళ్ళు వచ్చినట్టు చర్చికి నడవండి. మీరు దులుపుకున్నవి మీరు తీసుకుపోండి. నా పిల్లకి ఈ నెలాఖరుకి కాన్పు."

"మా ఆవిడకి నడుం నొప్పి మనాంగ్," అన్నాడు ఫ్లావియానో నేల చూస్తూ.

"మీ ఆవిడ నడుముకీ నా బల్లకీ ఏం సంబంధం?"

"ఇంట్లో ఒంట్లో బాలేనివాళ్ళు ఉన్నారంటున్నాను. మళ్ళీ ఆ బల్ల మీద కూర్చుని... మనాంగ్, కోపం తెచ్చుకోకండి. రేపట్నుంచి రొట్టెలు ఊరికే పంపిస్తాను."

"నీ రొట్టెలు వాళ్ళు తినరు ఫ్లావియానో."

ఎలియోదోరో సర్ లేచి వచ్చి ఆమెని కోర్టు చివరికి తీసుకెళ్ళాడు. మంచివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "తప్పు నాదే మనాంగ్. ఎక్కడైనా ఆగమన్నాను. ఎక్కడో చెప్పలేదు."

"మీరు చెప్పింది సబబే సర్. పిలిచింది నేను."

"అదే నేనూ అనుకుంటున్నాను," అన్నాడు సర్ మెల్లిగా. "మేం మళ్ళీ వచ్చి కూర్చున్నా లాభం ఉండదేమో. అతిథులు ఇంటావిడ మాట వింటారుగానీ తోటి అతిథుల మాట వినరు కదా."

తరవాత మాట మార్చడానికన్నట్టు, వచ్చే శనివారం పడవలన్నీ పుంతా బుయా వెళ్తున్నాయనీ, అక్కడి దళంతో కలిసి రెండు రోజులు విన్యాసాలనీ, వండిపెట్టడానికి మనిషి దొరకడం లేదనీ చెప్పాడు. "మీలాంటివాళ్ళు వస్తే మాకు పండగే. కానీ దళంలో లేనివాళ్ళని పడవ ఎక్కించకూడదు. వంటకి వచ్చినా చెయ్యెత్తి ప్రమాణం చేయాల్సిందే."

"నలభై దాటాక నాకు కవాతా?" అని నవ్వేసి వచ్చేసింది క్రిసాంత. దారిలో మాత్రం నవ్వలేదు.

మర్నాడు కాదు, ఆ మర్నాడు, మధ్యాహ్నం వేళ తినేవాళ్ళ రద్దీ తగ్గాక ఆమె పెరట్లో గిన్నెలు తోముతోంది. అనలిన్ నిద్రపోతోంది. లోపల ఎవరో మాట్లాడుతున్నట్టు వినబడి, గిన్నె చేత్తోనే పట్టుకుని తలుపు దాకా వచ్చింది.

తెయోఫిలా ముందుగదిలో, తడిబల్లకి ఎదురుగా చిన్న ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. బల్ల మీద వరసగా చిన్న గిన్నెలు, వాటిలో ఆవిర్లు కక్కుతున్న జావ. జావ గిన్నె ఎందుకు రోజూ తొందరగా ఖాళీ అవుతోందో క్రిసాంతకి అప్పుడు తెలిసింది. ముసలావిడ ముందుకు వంగి, కొత్తగా వచ్చిన చుట్టాల్ని పలకరిస్తున్నట్టు మాట్లాడుతోంది.

"ఎత్తుగా ఉంటాడు. ఎడం కనుబొమ్మ మధ్యలో చిన్న గంటు. చిన్నప్పుడు గాలం గుచ్చుకుంది. ఇసిద్రో అని. ముప్పై ఏళ్ళవుతోంది, అయినా అక్కడ వయసు పెరగదంటారుగా. మీరు కిందికి వెళ్ళినప్పుడు కనబడ్డాడా?"

ఆగింది. జవాబు కోసం ఆగినట్టే ఆగింది. బల్ల అంచునుంచి ఒక నీటిబొట్టు జారి నేల మీద పడింది. ఇంకోటి పడింది.

"పోనీ, కనబడితే చెప్పండి. ఇల్లు ఇక్కడే ఉందని. మీరు వచ్చారు కదా, దారి తెలిసింది కదా. వాడికి చెప్పండి."

క్రిసాంత చేతిలో గిన్నె జారి పెద్ద చప్పుడు చేసింది. తెయోఫిలా ఉలిక్కిపడలేదు. తల కూడా తిప్పకుండా, "వచ్చావా. వినేశావా," అంది.

"అందుకా నానాయ్, పిల్లని పంపెయ్యమంటున్నారు? వీళ్ళని పంపమనకుండా?"

"పిల్ల ఫేలీ ఇంట్లో అయినా కంటుంది. మంచి మంత్రసాని ఉంది అక్కడ. వీళ్ళు వెళ్ళిపోతే నాకు ఇంకెవరు చెబుతారు?" ముసలావిడ గొంతు మార్కెట్లో బేరం చెబుతున్నట్టే ఉంది. "నువ్వు నన్ను తిట్టుకో. పరవాలేదు. నీ పిల్ల నీ కళ్ళ ముందు మామిడికాయ తింటోంది. నా పిల్లాడు ఎక్కడ కూర్చున్నాడో నాకు తెలీదు."

తిట్టాలని చాలా మాటలు నోటిదాకా వచ్చాయి క్రిసాంతకి. కిందపడ్డ గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

గురువారం పొద్దెక్కాక పుంతా బుయానుంచి వచ్చిన లాంచీలో ఒక ఆడమనిషి దిగి కొట్టుకి వచ్చింది. నల్ల గౌను, కాళ్ళకి రబ్బరు చెప్పులు, చేతిలో కొవ్వొత్తుల పొట్లం. కొండమొన దగ్గర నీళ్ళలో పువ్వులు వేయడానికి వచ్చానంది. చింతపండు పులుసు, అన్నం అడిగింది. అడిగి, ఎవరైనా ఉన్నారా అని అడక్కుండా, నేరుగా వెళ్ళి తడిబల్ల మీద కూర్చుంది.

అల్మైరా వెనక నిలబడ్డ క్రిసాంత, బియ్యం ఏరుతున్న తెయోఫిలా, ఇద్దరూ చేస్తున్న పని ఆపేశారు.

"అక్కడ తడిగా ఉంది మనాంగ్, ఇటు రండి," అంది క్రిసాంత.

"పరవాలేదు." ఆమె అటూ ఇటూ జరిగింది. పక్కన ఎవరికో చోటిచ్చినట్టు కాస్త ఒదిగి కూర్చుంది. ఆ పని తను చేస్తున్నట్టు ఆమెకి తెలిసినట్టు లేదు.

పులుసు పెట్టాక నాలుగు ముద్దలు తిని ఆపేసింది. తనంతట తనే చెప్పడం మొదలెట్టింది. కూతురు ఇక్కడ నర్సింగు చదువుకునేది. సెలవులకని ఇంటికి బయల్దేరింది. "దేహం దొరికింది. మీ ఊరి రిజర్వువాళ్ళే తెచ్చి ఇచ్చారు. దేవుడు వాళ్ళని చల్లగా చూడాలి. పూడ్చాం, అన్నీ చేశాం. కానీ మనాంగ్, అది ఇంటికి రాలేదు."

"రాలేదంటే?"

"పోయినవాళ్ళు ఒక్కసారైనా కలలోకి వచ్చి చెప్పి వెళ్తారు కదా. మా ఆయన పోయినప్పుడు వారం తిరక్కుండా వచ్చాడు. పోయాడన్నమాటేగానీ, చొక్కా గుండీలు కుట్టలేదని సణిగాడు కూడా. ఇది మూడు నెలలైనా రాలేదు. మా ఊళ్ళో ఆ లాంచీలో పోయినవాళ్ళు ఎవ్వరూ రాలేదట. అడిగాను అందర్నీ. అమ్మలమంతా తలుపులు తీసే పడుకుంటున్నాం."

ఆమె నీళ్ళగ్లాసు ఎత్తబోయి ఆగింది. ముక్కు ఎగబీల్చింది. మెల్లిగా గ్లాసు కింద పెట్టింది.

"మీ ఇంట్లో ఎవరైనా నిమ్మకాయ పిండి తలకి రాసుకుంటారా? కొబ్బరినూనెలో కలిపి?"

ఆ ఇంట్లో ఆ అలవాటు ఎవరికీ లేదు. క్రిసాంత నోరు తెరిచేలోపు ఆ తల్లి తల పక్కకి తిప్పింది. పక్కన ఖాళీ బల్ల. అలా చూస్తూనే చెయ్యి ఎత్తి, ఒక భుజం ఎంత ఎత్తులో ఉంటుందో సరిగ్గా అంత ఎత్తులో, గాలిలో ఆపింది. ఆ చెయ్యి ముంజేతి దాకా తడిసిపోవడం క్రిసాంత చూసింది. మోచేతినుంచి ఉప్పునీళ్ళు కారి పులుసు గిన్నెలో పడుతున్నాయి. ఆ తల్లి చూసుకోలేదు.

"ఏమీ లేదు," అంది కాసేపటికి, సిగ్గుపడుతున్నట్టు నవ్వి. "దాని వాసనే అనుకున్నాను. ఇలాగే ఉంటుంది నాకు. లాంచీ వేళయింది, వస్తాను."

ఆమె గుమ్మం దాటుతుంటే బల్ల కిర్రుమంది. ఈసారి అందరూ కాదు. ఒక్కళ్ళు, తేలికైన మనిషి, లేచి నిలబడినట్టు. రేవు దాకా ఆమె వెళ్ళడం, లాంచీ ఎక్కడం, లాంచీ కదలడం కిటికీలోంచి కనబడింది. ఎంతసేపటికీ ఆ లేచినమనిషి కూర్చున్న చప్పుడు రాలేదు. నిలబడే ఉంది. పిలిచిన ఇల్లు వెళ్ళమనకుండా కదలడం ఆ పిల్లకి చేతకాలేదు.

తెయోఫిలా చేటలో బియ్యం అలాగే వదిలేసి లేచింది. తడిబల్ల దగ్గరికి వెళ్ళి, నిలబడ్డ ఆ చోటికి ఎదురుగా తనూ నిలబడింది. తరవాత వంటింట్లోకి వచ్చి, పొయ్యి పక్కన కూర్చున్న కోడలితో, "దానికి అమ్మ ఉంది," అంది. "అమ్మ ఉందని నేను ఒక్కసారైనా అనుకోలేదు క్రిసాంతా. తలుపు తీసే పడుకుంటున్నారట."

"విన్నాను నానాయ్."

"అక్కడ ఆవిడ, ఇక్కడ నేను. నేను చేసిందేమిటి? పట్టుకుని కూర్చోబెట్టాను." ముసలావిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంది. "ఎలా పంపుతావు? నెమెసియో తీసుకెళ్తే వెళ్తారు, వాడితోనే తిరిగి వచ్చేస్తారు."

"ఆయన తీసుకెళ్ళగలరు. దిగమని చెప్పేది ఆయన కాదు," అంది క్రిసాంత. అన్నాక లేచి మొహం కడుక్కుంది, జుట్టు ముడేసుకుంది, హైస్కూలు వైపు నడిచింది. తెయోఫిలా ఎక్కడికని అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలకి ఇంట్లో అందరూ ఉన్నారు. ఫేలీ తమ్ముడి ఇంటికి కిరాయి ట్రైసికిల్ బండి వెంటపెట్టుకుని వచ్చింది, అనలిన్‌ని తీసుకుపోవడానికి. ట్రైసికిల్ అతను కూడా లోపలికి వచ్చి పళ్ళెం ముందు కూర్చున్నాడు. మునగాకు పులుసు, వేయించిన ఎండుచేపలు. అనలిన్ మూటలు ఇంకా కట్టలేదు. ఫేలీ దానికి సణుగుతోంది.

"కట్టొద్దు," అంది క్రిసాంత, నెమెసియో పళ్ళెంలో చేప వేస్తూ. "అనలిన్ ఎక్కడికీ వెళ్ళడం లేదు. కాన్పు ఇక్కడే."

"అదేంటి, నానాయ్ చెప్పింది కదా..." అంటూ ఫేలీ తల్లి వైపు చూసింది. తెయోఫిలా చేపముల్లు తీసుకుంటోంది. తల ఎత్తలేదు.

"నిన్న ఎలియోదోరో సర్ దగ్గరికి వెళ్ళాను," అంది క్రిసాంత. "రిజర్వులో చేరాను. చెయ్యి కూడా ఎత్తేశాను, స్టాఫ్ రూంలో, ముగ్గురు టీచర్ల ముందు. వంట పని. రేపు నేనూ పుంతా బుయా వస్తున్నాను."

నెమెసియో నోట్లో ముద్ద మింగడం మర్చిపోయి ఆమెని చూశాడు. జనవరి తరవాత అతను ఎవర్నైనా అంత తిన్నగా చూడటం అదే మొదలు. అతని కళ్ళు ఎర్రబడ్డాయి.

"నీకు ఈత రాదు," అన్నాడు చివరికి. ఇంకేం అనాలో తెలీక అన్న మాట అది.

"నేర్పిస్తారట."

"నాయ్, నీకు ప్యాంటు వేస్తారా?" అని తల్లిని అడిగింది అనలిన్, కళ్ళు పెద్దవి చేసుకుని. ట్రైసికిల్ అతను నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి మానేశాడు.

"దాని కొలతలు నేను సరిచేస్తాలే," అంది తెయోఫిలా, పళ్ళెంలోకే చూస్తూ.

క్రిసాంత అన్నం గరిట పక్కన పెట్టింది. వంటింటికీ ముందుగదికీ మధ్య తెర వేలాడుతోంది. చెయ్యి చాపి దాన్ని పక్కకి తీసి, గొంతు పెంచకుండానే, కానీ అక్కడిదాకా వినబడేలా అంది:

"రేపు పొద్దున్నే, ఎండ ఎక్కకముందే బయల్దేరతాం. పుంతా బుయాలో దిగాల్సినవాళ్ళని నేనే దగ్గరుండి దింపుతాను."